ప్రేమ్‌రాజ్ దాటిన వాగు

ప్రేమ్‌రాజ్‌ను ఒక్కటే అడిగిన. "ప్రీతికి మందు అందిందా?"

నా బిడ్డ ప్రీతి కాలేజీవాళ్లతోటి కర్ణాటక వాన అడవిల ఉన్నది. వాగు రాళ్ల మీద బతికే చిన్న బొంతకప్పల మీద దాని చదువు. దానికి ఆయాసం. పీల్చే పంపు అయిపోవచ్చిందని అయిదు రోజుల కింద ఫోన్ చేసింది. మళ్ల ఫోన్ కలవలేదు. వాళ్ల సామాన్లు చేరేసే వ్యాను ప్రేమ్‌రాజ్‌దే. కొత్త పంపు ఆయన చేతికిచ్చి పంపిన. ఇయ్యాల పొద్దున తిరిగొచ్చి, గౌలిపురల నా చాయ్ బండి ముందట బెంచీ మీద కూసున్నడు.

"అందకేమైతది వదినా! ఫికర్ చెయ్యకు. ముందుగాల ఆ కప్ప ముచ్చట విను. ఎంతుంటదో ఎర్కేనా? నా బొటనేలి గోరంత. నల్లరాయికి నల్లగ అతుక్కొని ఉంటది, నెత్తి మీద నీళ్లు ధడధడ పడుతున్నా కదలది. సార్లు వారం సంది దేవులాడుతున్నరు, దొరకలే. నేను వ్యాన్ల కూసోనే 'అగో' అని చూపించిన."

"వ్యాన్లకెల్లి గోరంత కప్ప కనవడ్డదా?" అన్నడు ఆటో ఎల్లప్ప. "మొన్న మలక్‌పేటల ఆగి ఉన్న లారీ కనవడలే గద నీకు!"

"గది వేరే ముచ్చట భాయ్. దిగి కప్పను పట్టి గుంజిన. రాలే. రెండు చేతులతోటి గుంజిన. కప్ప రాలే, రాయే ఊడొచ్చింది! ఆ రాయి ఎనుక ఆగిన నీళ్లన్ని ఒక్కసారి మీదికొచ్చినయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వ్యాను కొట్టుకపోతున్నది. నేను కప్పను ఎనుక బంపర్‌కు అతికించిన. 'పట్టుకో బేటా' అన్న. కప్పది ఒక చెయ్యి బంపర్ మీద, ఒక చెయ్యి చెట్టు మీద. వ్యాను టక్కున ఆగింది!"

ఎల్లప్ప నోట్ల చాయ్ బయటికొచ్చింది. నేను ప్రీతికి ఫోన్ చేసిన. కలవలేదు.

"మందు సంగతి చెప్పు," అన్న.

"ఆడికే వస్తున్న వదినా. కప్ప వ్యాను పట్టుకున్నది గద, ఆ సందుల నేను మెడలోతు నీళ్లల్ల వాగు దాటి, ప్రీతి చేతుల మందు పెట్టిన. తిరిగొస్తుంటే కప్ప నన్ను ఇడువలే. పట్నం చూపియ్యమన్నది. తెచ్చి నయాపూల్ మీద నిలవెట్టి మూసీని చూపించిన. ఒక్కసారే చూసింది, ముక్కు మూసుకున్నది. 'వాపస్ చలో భాయ్' అన్నది."

"కప్ప మాట్లాడిందా?" పాల డబ్బాలు దించుతున్న డానియేలు ఆగిపోయిండు.

"మూడు రోజులు నాతోటి తిరిగింది, ఉర్దూ రాదా? ఏందన్నా గట్ల అడుగుతవు!"

"వాపస్ ఎప్పుడు దించొచ్చినవు మరి?"

"గంటల! అది బంపర్ మీదుంటే వ్యాను నాలుగు వందల స్పీడు."

అందరు నవ్విండ్రు. నేను ఆయన బూట్లు చూస్తున్న.

"ఇవే ఏస్కోని దాటినవా ప్రేమ్‌రాజ్?"

"ఇవే వదినా! పోయిన నెల కొన్న."

"బ్లీచింగ్ నీళ్లల్ల ముంచినవా?"

ఆయనకు అర్థం కాలేదు. ప్రీతి వాళ్లకు ఒక కట్టుబాటు ఉన్నది. బయటి రోగం కప్పలకు అంటొద్దని, వాగుల కాలు పెట్టే ఎవరైనా బూట్లు బ్లీచింగ్ నీళ్లల్ల ముంచాలె, ముంచకుంటే ప్రీతి ఊకోదు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు దాని బూట్లు మచ్చలు మచ్చలు తెల్లబడి ఉండె. ప్రేమ్‌రాజ్ బూట్లు ఎర్రగ నిగనిగమంటున్నయి.

"నువ్వు వాగు దాటలే," అన్న.

ఎవ్వరు నవ్వలేదు. ప్రేమ్‌రాజ్ అంగీ జేబులకెల్లి పంపు తీసిండు. సీలు గూడ ఇప్పలేదు.

"ఒడ్డు దాక పోయిన వదినా. నీళ్లు మస్తు జోరుగున్నయి. కాళ్లు ఆడలే. ఎవలకన్న ఇద్దామంటే అడవి గేటు కాడ మనిషి లేడు. ప్రీతి అవుతలి ఒడ్డు మీద కనవడ్డది. చెయ్యి ఊపింది. నేను గూడ ఊపి వచ్చిన."

"నిలవడి ఉన్నదా?"

"నిలవడే ఉన్నది. బిడ్డ తోడు."

"ఆ ఒక్క మాట ముందే చెప్పాల్సింది."

స్టవ్ బంజేసిన. చాయ్ బండి ఎల్లప్పకు అప్పజెప్పిన. పంపు కొంగుల కట్టుకున్న. డానియేలును కిరాణం దుకాణానికి తోలి, రెండు కిలోల బ్లీచింగ్ పౌడర్ తెప్పించి, వ్యాను ముందు సీట్ల కూసున్న.

"కప్ప ఎదురొస్తే మేం గూడ అడిగినమని చెప్పు ప్రేమ్‌రాజ్!" ఎల్లప్ప అరిచిండు.

ప్రేమ్‌రాజ్ స్టీరింగ్ ముందట కూసున్నడు. నా ఒళ్లె ప్యాకెట్ చూసిండు.

"ఇదెందుకు వదినా?"

"నీ బూట్లకు. బండి తియ్యి."