డబ్బు ఎవరి ఫోనులో పడాలి

హలో… ఆ, నేనే వదినా. చెప్పండి. మిషను ఆపేశాను, వినిపిస్తోంది…

మీ తమ్ముడు అప్పుడే మీ ఇంటికి వచ్చేశాడా… ఊఁ… ఏడ్చాడా. అంతగా ఏడ్చే పని నేనేం చేశాను?

అవును, పీకేశాను. కుట్టుమిషను మీద ఆయన అంటించిన స్కానర్ స్టిక్కరు గోళ్ళతో గీకి పారేశాను. బ్యాంకులో నా పేరున ఖాతా తెరిచి, నాది అంటించాను. ఇవాళ పొద్దున్నే…

కోపంతో కాదు వదినా. రోత పుట్టి.

అది పెట్టింది ఎప్పుడో గుర్తుందిగా… ఆ, ఆ మాయరోగం రోజుల్లోనే. మా కొట్టు పైన మూడో అంతస్తు ఆవిడ నేనిచ్చిన చిల్లరను సబ్బునీళ్ళ మగ్గులో వేయించుకునేది… నవ్వకండి, నాకప్పుడు నవ్వు రాలేదు. స్కాన్ చేసే ఫోను ఆయనకే ఉంది. పోనీలే, ఆయన దాంట్లోనే పడనీ అనుకున్నా. మొగుడే కదా…

రోగం పోయింది. నోట్లు మాత్రం మళ్ళీ రాలేదు. చేతిసంచి జిప్పు వేయించుకున్నా ఫోనే తీస్తున్నారు. మిషను తొక్కేది నేను, టింగుమనేది ఆయన జేబులో…

లేదు, మీరు వినండి. ఇంట్లో పడుకుని నాకు ఫోను చేస్తాడు. 'గంట నుంచి ఒక్కటీ పడలేదు, నిద్రపోతున్నావా' అంటాడు… మీకు చెప్పలేదా. ఎందుకు చెప్తాడు.

మొన్న పన్నునొప్పి. దవడ ఇంత వాచింది. ఆ రోజు పదకొండు ప్యాంట్ల అంచులు మడిచి కుట్టాను. మందులషాపుకు వెళ్తే నా చేతిలో పైసా లేదు. పంపమని ఆయనకు ఫోను చేస్తే ఏమన్నాడో తెలుసా… 'రెండు మాత్రలెందుకు, ఒకటి వేసుకుని చూడు.' షాపతను వింటున్నాడు వదినా. నా వెనక నలుగురు నుంచున్నారు…

ఏంటీ… ఇల్లు నడిపేది ఆయనా? ఏం చేసి?

ఏ టాక్సీ?

ఒక్క నిమిషం. ఇంకా టాక్సీ తోలుతున్నాడని మీకెవరు చెప్పారు?… అమ్మేశాడు వదినా. అందరినీ ఇళ్ళలో కూచోమన్న ఏడాదే అమ్మేశాడు. మళ్ళీ స్టీరింగు ముట్టుకుంటే ఒట్టు…

మీకా? నెలనెలా డబ్బా?… ఎప్పట్నుంచి?… 'అక్కా, ఇది నా కష్టం' అని చెప్పి మరీ పంపాడా…

ఛీ.

మిమ్మల్ని కాదు… మిమ్మల్ని కాదంటున్నాగా. మోకాళ్ళ మందులకని నన్నడిగితే నేనే తెచ్చి ఇచ్చేదాన్ని. పక్కన కూచుని మోకాళ్ళకు రాసి వెళ్ళేదాన్ని. నా చెమట తీసుకెళ్ళి తన పేరున మీ చేతిలో పెట్టాడు చూడండి… అదీ నాకు రోత.

ఊరుకోండి… మీకేం తెలుసు పాపం… తిరిగివ్వడమేంటి, వద్దు. మందులు అయిపోయేముందు ఒక మాట చెప్పండి. నేను పంపిస్తాను. నా పేరుతోనే వస్తుంది, చూసుకోండి.

ఎవరికి?… వద్దు, ఆయనకు ఫోనివ్వద్దు. రాత్రికి అన్నం పెట్టి పంపండి… పంపకపోయినా సరే.

ఉంటాను వదినా. ఎవరో కోటు పట్టుకుని గుమ్మంలో నుంచున్నారు… ఆ, రండి, ఎక్కడ చిరిగింది?