రెండో కుర్రాడు

మిసిసిపీలో ఒక చిన్న ఊరు. కరోనా ఏడాది, అక్టోబరు నెల, శుక్రవారం సాయంత్రం. వసారా మెట్ల మీద మార్లా. కింద గడ్డిలో, మూతికి గుడ్డ కట్టుకుని, చేతిలో వేడి గిన్నెతో ఆవిడ తోడికోడలు డీనా.

"అక్కడే పెట్టు డీనా, కింది మెట్టు మీద. పైకి రాకు."

"నాకేం భయం లేదక్కా. చికెన్ కేసరోల్. చీజు కాస్త ఎక్కువే వేశాను, కోల్బీకి ఇష్టమని. పాపం, నీ పిల్లాడెలా ఉన్నాడు?"

"వాడిక్కడ లేడు. కాలేజీ హాస్టల్లో చివరి గదిలో పెట్టి తలుపేశారు. అన్నం గుమ్మం దగ్గర పెట్టి తలుపు కొట్టి పోతారట."

"అయ్యో. జ్వరం ఉందా?"

"లేదు. పరీక్ష చేస్తే ఏమీ లేదనే వచ్చింది."

"మరింకేం?"

"ఆదివారం పాస్టరు గారితో ఒకే బల్ల దగ్గర కూచుని తిన్నాడుగా. ఆయనకేమో బుధవారం కరోనా అని తేలింది. వీడికి ఉన్నా లేకపోయినా రెండు వారాలు గదిలోంచి కదలకూడదు. రూలట."

"రూలంటే రూలే కదక్కా. ఏం చేస్తాం. అయినా ఒక్క ఫుట్‌బాల్ ఆటే కదా. రెండు, పోనీ. వాడికింకా ఏడాదంతా ఉంది."

"డీనా."

"ఊ?"

"ఇది వండడానికి ఎంతసేపు పట్టింది?"

"ఏది?"

"ఈ కేసరోల్."

"ఎంతసేపేమిటి, మామూలే. ఓవెన్లో ఓ గంట. ఏం?"

"కోచ్ నాకు ఫోన్ చేసి చెప్పిందే ఇప్పుడు. నేను పెట్టుకున్న కాఫీ ఇంకా తాగనే లేదు. ఊళ్ళో ఎవరికీ తెలీదు. నువ్వు మటుకు గంట ముందే కోడి ఉడికించి, చీజు జల్లి, పరామర్శకి తయారయ్యావు."

"నాకు మా ట్రెంట్ చెప్పాడు. వాడూ ఆ జట్టులోనే ఉన్నాడుగా."

"ట్రెంట్ నీకు ఫోన్ చేశాడా?"

"చేశాడు. అంటే, చేస్తాడు రోజూ. ఈ రెండు మూడు రోజులూ ఎత్తడం లేదనుకో. పెద్ద ఆట కదా, వాడి కంగారు వాడిది."

"ఎత్తకుండానే చెప్పాడా?"

"ఏమిటక్కా ఈ ఆరాలు? కష్టంలో ఉన్నారు కదా అని గిన్నె పట్టుకుని వస్తే. పట్టుకుపొమ్మంటే పట్టుకుపోతాను."

"ఉండనీ. ఆ మెడలో ఏమిటి? గుండ్రంగా?"

"ఇదా? బ్యాడ్జీ."

"ట్రెంట్ బొమ్మా?"

"ఆటగాళ్ళ అమ్మలందరూ పెట్టుకుంటారుగా. నువ్వు పెట్టుకోవూ? నీది సాసరంత ఉంటుంది."

"నువ్వెప్పుడూ పెట్టుకోలేదు. మూడేళ్ళలో ఒక్కసారీ చూళ్ళేదు."

"ఏమని పెట్టుకోను? ఆటలోకి దిగకుండా టోపీ పెట్టుకుని, అట్ట పట్టుకుని, గీత అవతల నిలబడేవాడి తల్లినని పెట్టుకోనా? పక్క సీటావిడ అడుగుతుంది, మీ వాడేడండీ అని. అదిగో, నీళ్ళ సీసాల పక్కన, అని చూపించాలి. మూడేళ్ళు చూపించాను. ఇంక రేపు చూపించక్కర్లేదు. రేపు బంతి మా వాడి చేతిలో ఉంటుంది, టీవీలో అందరూ చూస్తారు. అందుకే చేయించాను. నిన్న చేయించాను, చాలా?"

"నిన్న. నిన్నటికి కోల్బీ మైదానంలో బంతి విసురుతున్నాడు, డీనా."

"ఎప్పటికైనా పనికొస్తుందని చేయించాను. తల్లికి ఆ మాత్రం ఆశ ఉండకూడదా?"

"ఉండొచ్చు. ఎందుకుండకూడదు."

"నీకేం, నువ్వెన్నైనా అంటావు. మంగలి షాపులో కోల్బీ ఫోటో. పెట్రోలు బంకులో కోల్బీ ఫోటో. అత్తగారి ఫ్రిజ్ తలుపు మీద పేపరు ముక్కలన్నీ కోల్బీవే, మా వాడిది ఒక్కటి, అదీ కింద, కరెంటు బిల్లు వెనకాల. చర్చిలో కోల్బీ భుజం నొప్పి తగ్గాలని పేరు పెట్టి ప్రార్థన చేశారు. మా వాడికి మోకాలు వాచి నెల్లాళ్ళు కుంటితే 'మిగతా పిల్లలు' అన్నారు. మిగతా పిల్లలు. నేను ముందు వరసలోనే కూచున్నానక్కా, మా వాడి పేరు వస్తుందేమోనని."

"అది తప్పే. నేను పాస్టరు గారికి చెప్పాల్సింది."

"నువ్వెందుకు చెప్తావు?"

"సరే, నా తప్పే. ఇప్పుడు ఇంకో సంగతి విను. రేపు ఆట ఉంటుందో లేదో తెలీదు."

"ఎందుకుండదు? ట్రెంట్ ఉన్నాడుగా. కొత్త కుర్రాడు పోయిన వారం నుంచి మంచం మీదున్నాడు, కోల్బీ గదిలో ఉన్నాడు, బంతి విసిరేవాళ్ళలో మిగిలింది మా వాడు. క్వార్టర్‌బ్యాక్ ఒక్కడుంటే చాలు, ఆట ఆడించొచ్చు. ఆ ఒక్కడూ లేకపోతేనే రద్దు. రూలంతా చదివాను."

"చదివే ఉంటావు."

"మరి ఇంకేమిటి అడ్డం?"

"ఎవరో కాలేజీకి ఫోన్ చేశారట. పేరు చెప్పలేదట. ఆదివారం మా బల్ల దగ్గర కోల్బీ ఒక్కడే కాదు, ఇంకో ఆటగాడు కూడా ఉన్నాడని చెప్పారట. ఆ రెండోవాడెవడో తేలాలి. రేపు పొద్దున్నకల్లా తేలకపోతే, ఎవడికి అంటుకుందో తెలీని జట్టుని మైదానంలోకి దింపం అంటున్నారు. అవతలి జట్టు వాళ్ళు కూడా బస్సు ఎక్కం అంటున్నారు."

"ఆ మాత్రం దానికి ఆట ఆపేస్తారా?"

"ఆపేస్తారట."

"అయితే పేరు చెప్పెయ్యమను. కోల్బీని చెప్పెయ్యమను. ఎవడో ఒకడు, లావుపాటి వాడు. అలాంటి వాళ్ళు జట్టులో డజను మంది ఉన్నారు, ఒకడు పోతే ఇంకొకడు నిలబడతాడు. బూడిదరంగు టోపీచొక్కా తల మీదికి లాక్కుని కిటికీకి వీపు పెట్టి కూచుంటే దాక్కున్నట్టేనా?"

"నేను కిటికీ అనలేదు. చొక్కా అనలేదు."

"ఊళ్ళో అనుకుంటున్నారు."

"ఊళ్ళో ఎవరికీ తెలీదని ఇందాకే చెప్పాను."

"సరే. నేనే. నేనే చేశాను ఫోను. ఏం చేస్తావు చెయ్యి."

"కొంచెం నెమ్మదిగా. అత్తగారు పడుకున్నారు. బాగానే ఉన్నారు, నువ్వు అడగలేదు కానీ."

"అడగాలనే ఉంది. ఎవరు అడగనిచ్చారు? ఆదివారం ఆవిడ ఎనభయ్యో పుట్టినరోజక్కా. ఆవిడకి నేనూ కోడల్నే. నన్నెందుకు పిలవలేదు?"

"నువ్వేగా రానన్నావు. స్కూల్లో ఇద్దరు టీచర్లకి వచ్చింది, నేను అక్కడే వంటగదిలో పనిచేస్తాను, ఈసారికి నన్ను వదిలెయ్యి అన్నావు. ఈ మెట్ల దగ్గరే అన్నావు."

"అన్నాను. అంటే? ఇంకోసారి రమ్మని అడగకూడదా? అడిగితే నీ నోరు అరిగిపోతుందా? ఒక్కసారి అడిగి, సరేలే అని చీపురు పుచ్చుకున్నావు. పీడా పోయిందన్నట్టు."

"అలా కాదు."

"అలాగే. ఆదివారం సాయంత్రం కారేసుకుని వచ్చాను. లోపలికి రావాలని కాదు, గుమ్మంలోంచి ఆవిడకి చెయ్యి ఊపి పోదామని. వాన. దీపాలన్నీ వేసి ఉన్నాయి. రోడ్డు మీదే ఆపి చూశాను. కోల్బీ కనిపించాడు, ఎదురుగా, నవ్వుతూ. ఆ పాస్టరు వాడి భుజం మీద చెయ్యేసి ఉన్నాడు. ఆవిడ వాణ్ణే చూస్తోంది. నాకు కడుపు మండిపోయిందక్కా. అబద్ధం ఎందుకు, భగభగ మండింది. ఇంటికి పోలేకపోయాను. కారు ఆపేసి, వానలో అలా చూస్తూ కూచున్నాను."

"రెండోవాణ్ణి కూడా చూశావుగా."

"చూశాను. వాణ్ణి చూశాకే ఇంకా మండింది. రానన్నది నేను, ట్రెంట్ కాదు కదా? సొంత మనవడికి కుర్చీ లేదు, ఊరూ పేరూ లేనివాడెవడికో ఉందా? అత్తగారి పక్కనే కూచోబెట్టారు. వాడు చెంచాతో ఆవిడకి కేకు కూడా పెడుతున్నాడు. మా వాడు పెట్టాల్సిన కేకు."

"వీపు చూస్తే ఎవరో తెలియలేదా నీకు?"

"ఎలా తెలుస్తుంది? నేను కోల్బీని చూస్తున్నాను."

"ఎంతసేపు?"

"చాలాసేపు. ఏం, లెక్కపెట్టానా?"

"పాస్టరు గారికి వచ్చిందని తెలియగానే ఫోన్ చేశావు."

"వెంటనే చెయ్యలేదు. బుధవారం రాత్రంతా ఆలోచించాను. నిన్న చేశాను. ఉన్నదే చెప్పాను, లేనిది కల్పించలేదు. కోల్బీ అక్కడున్నాడా లేడా? ఉన్నాడు. రూలుందా లేదా? ఉంది. మరి మీరు ఎందుకు చెప్పలేదు కాలేజీకి? దాచింది మీరు. తప్పు ఎవరిది?"

"దాచాం. అది మా తప్పే. కోల్బీ దాచమన్నాడని కాదు. ఒక్క ఆట గడవనీ, తర్వాత చెబుదాం అనుకున్నాం. పిచ్చి ఆలోచన. ఇంకోళ్ళకి అంటుకుంటే ఏం చేసేవాళ్ళం?"

"అదే నేననేది. నేను మంచిపనే చేశాను."

"మరి ఇద్దరున్నారని ఎందుకు చెప్పావు? కోల్బీ పేరు చెబితే సరిపోయేదిగా."

"ఫోనులో కాలేజీ ఆవిడ అడిగింది, ఇంకెవరైనా ఉన్నారా అని. ఉన్నారన్నాను. ఇద్దరంటే గట్టిగా నమ్ముతారనిపించింది. ఎవడైతే నాకేం?"

"కోల్బీని అరగంట కూచోబెట్టి అడిగారట, రెండోవాడెవడని. చెప్పలేదు. నన్ను బయటికి గెంటినా సరే చెప్పను అన్నాడట."

"చూశావా, పెంకితనం. ఊరంతా రేపటికోసం కాచుక్కూచుంటే."

"నాకు ఫోన్ చేసి, నన్నూ చెప్పొద్దన్నాడు. ఆ రెండోవాడికి రేపటి ఆట ఒక్కటే దొరికింది అమ్మా, వాణ్ణి ఆడనీ, వాడికి ఒంట్లో బాగానే ఉంది అన్నాడు."

"ఎవడో స్నేహితుడి కోసం ఇంత త్యాగం. తమ్ముడి వరసవాడు ట్రెంట్ గుర్తుకు రాలేదు వాడికి. వీడు నోరు మూసుక్కూచుంటే ట్రెంట్ ఆట పోతుందని తెలీదూ?"

"తెలుసు. బాగా తెలుసు."

"తెలిసీ! చూడక్కా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా? వాడి పేరు నాకివ్వు. ఇప్పుడే, ఇక్కణ్ణించే ఫోన్ చేస్తాను. నంబరు నా దగ్గర ఉంది. నాకు మొహమాటం లేదు. ఎవడి కొడుకైతే ఏం, రూలు అందరికీ ఒకటే."

"డీనా, ఇంటికి పో. ఆ గిన్నె రేపు కడిగి పంపిస్తాను."

"పేరు చెప్పేదాకా పోను."

"వద్దు. మాట ఇచ్చాను."

"ఎవడికి? కోల్బీకా?"

"వాడికీ ఇచ్చాను. ఆ పిల్లాడికీ ఇచ్చాను. వాన పడుతుంటే చర్చి వెనకాల కారు వదిలేసి, చేలో పడి నడిచి వచ్చాడు. వంటింటి తలుపు కొట్టాడు. నిలువునా తడిసి ఉన్నాడు. కోల్బీ తన వదులు చొక్కా ఇచ్చాడు, నువ్వు చూసిన ఆ బూడిదరంగుది."

"దొంగలాగ వెనకనుంచి ఎందుకు రావడం?"

"తన కారు వాళ్ళమ్మ కంట పడుతుందని. తను లేకుండా వాడొక్కడే వచ్చాడని తెలిస్తే ఆవిడ మనసు కష్టపెట్టుకుంటుందట. అత్తగారు ఫోన్ చేసి, ఒక్కసారి కనిపించి పోరా అని ఏడిచిందట. కాదనలేక వచ్చాడు."

"అత్తగారు? ఆవిడ ఎందుకు..."

"వెళ్తూ గుమ్మంలో నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అమ్మకి మాత్రం చెప్పకు పెద్దమ్మా అన్నాడు."

"ఏమన్నాడు?"

"చెప్పాగా."

"ఏమని పిలిచాడు నిన్ను?"

"నన్ను పెద్దమ్మా అని పిలిచేవాడు ఈ లోకంలో ఇంకెవడున్నాడు, డీనా?"