ఎవరూ చావని కవిత

చలికాలపు ఉదయం. వారపత్రికకు హత్యల సీరియళ్లు రాసే రచయిత వంటగదిలో కూర్చుని, కొత్తగా రాసిన కవితను భార్యకు చదివి వినిపించాడు.

"బాగానే ఉంది. కానీ చివర్లో పొగమంచులోంచి కత్తి పట్టుకుని వచ్చేదెవరండీ?"

"నాకూ తెలీదు. అలవాటు కొద్దీ చెయ్యి రాసేసింది."

"నిన్నటి కవితలో పిచ్చుక కూడా చచ్చిపోయింది. మీకు హత్యలే అచ్చొచ్చాయి, హాయిగా అవే రాసుకోండి."

"ఊహూఁ. ఎవరూ చావని కవిత ఒక్కటైనా రాయకుండా ఈ చలికాలాన్ని పోనివ్వను."

"ఎవరూ చావకపోతే అందులో ఏముంటుంది?"

"నువ్వు ఆ కిటికీ అద్దం తుడుస్తావు. కాసేపట్లో మళ్లీ ఆవిరి పట్టేస్తుంది. విసుక్కుంటూనే మళ్లీ తుడుస్తావు. అంతే."

"అంతేనా? అదెవరు చదువుతారు?"

"ముందు నేను రాయగలగాలిగా!"

"సరే, కాగితం తీయండి. తుడుస్తున్నాను, చూసి రాయండి. నన్ను మాత్రం చంపకండి."