కెమెరా వైపు చూడకండి

పెద్దలారా, తల్లులారా, నటీనటులారా! ఈ సభలో నేను చేయబోయే సమస్త అపరాధాలకూ ముందుగానే సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. చేశాక వేడుకునే తీరిక ఉండకపోవచ్చు.

మా టైలర్ బాబాయి పోయి నేటికి నాలుగు రోజులు. నిజంగానే పోయాడు. గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, మీలో పదకొండు మంది నన్ను పక్కకు లాగి "ఒరే, నిజమేనా, షూటింగా?" అని అడిగారు. డాక్టరుగారైతే నాడి చూశాక మంచం కింద కూడా చూశారు.

మీ అనుమానం తప్పని ఎలా అనను? చిన్న ఊళ్లో సినిమా పిచ్చి మీద బాబాయి హాస్య సినిమా తీశాడు. మన మీదే. మనతోనే. "కెమెరా కనబడితే మనిషి పారిపోతాడు, నటుడు మిగులుతాడు" అనేవాడు. అందుకే దాచిపెట్టి తీసేవాడు. "బావా, హీరో వేషానికి కొలతలు" అనగానే మందుల షాపు మామయ్య పొట్ట లోపలికి లాగి ఎంతసేపు నిలబడ్డాడు? బాబాయి టేపు పక్కన పెట్టి, టీ తాగి వచ్చేదాకా! షోకేసు బొమ్మ తొడుక్కున్న కోటులోంచి కెమెరా అంతా చూస్తూనే ఉంది.

రిటైరైన హెడ్మిస్ట్రెస్ అత్తయ్య సంగతో? ఒక సీనులో కొడుకు శవం మీద పడి ఏడవమంటే, ఏడుపు మధ్యలో ఆపి, "నిటారుగా పడుకోరా!" అని శవాన్ని గదమాయించింది.

ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని బాబాయి ఏమన్నాడు? దేవుడి పేరా? పిన్ని పేరా? కాదు. "ఒక్క సీను మిగిలిపోయిందిరా."

కొలతల పుస్తకం చివరి పేజీలో ఉందా సీను. "డైరెక్టరు సంతాప సభ. ఒక్కరూ ఏడవరు. అందరూ కెమెరా కోసం వెతుకుతుంటారు." అంతే. అది లేకపోతే మూడేళ్ల సినిమాకు ముగింపు లేదు.

మామయ్యా, ఆ పూలకుండీలోకి ఎందుకలా తొంగి చూస్తున్నావు? అత్తయ్యా, ఫ్యాను మీద ఏముందని? పిన్నీ... నువ్వొక్కదానివే దేనికోసమూ వెతకడం లేదు. బాబాయి రాసినదాంట్లో ఆ ఒక్కటే తప్పు.

సరే, ఒప్పుకుంటున్నాను. పొద్దున్నే వచ్చి కెమెరా పెట్టింది నేనే. పూలకుండీలో కాదు మామయ్యా, బాబాయి ఫోటో వెనక.

అందరూ లేచి నిలబడండి. రెండు నిమిషాలు మౌనం. ఈ ఒక్కసారికి అటు చూసినా ఫరవాలేదు, అక్కడున్నది బాబాయే. "కట్" అని మాత్రం నేను చెప్పలేను.