ఇనప మెట్లు, పాలరాతి మెట్లు

ఆగు మనవరాలా, ఆ ‘సౌమ్యశీలి’ కొట్టెయ్. ‘అధికారులతో ఏనాడూ విభేదించని ఆదర్శ ఉద్యోగిని’ అన్నది కూడా కొట్టెయ్. అవి పదవీ విరమణ సభకు వేస్తున్న సంచిక కమిటీ వాళ్లు పంపిన మాటలు. మా టైపిస్టమ్మగారి గురించి నేను చెప్పిందే రాయి.

ముప్పై మూడేళ్ల కిందట, జూలై మూడో తారీఖున, ఆవిడ మా నీటి సరఫరా ఆఫీసులో చేరారు. అప్పట్లో ఊడ్చేవాళ్లం, నీళ్లు మోసేవాళ్లం, తోటమాలి కలిపి పదకొండు మందిమి. ముందువైపు పాలరాతి మెట్లు మేం ఎక్కకూడదు. వెనకున్న ఇనప మెట్లే మాకు దారి. మరుసటి ఏడు వానల్లో మా అక్క రెండు బకెట్లతో అక్కడ జారిపడి నడుం విరగ్గొట్టుకుంది. “చూసుకుని నడవాలి,” అన్నాడు పెద్దాఫీసరు. అంతే అన్నాడు.

అర్జీ రాయించుకుందామని టైపిస్టమ్మగారి దగ్గరికి వెళ్లాం. “తమరి పాదాలకు మొక్కి, దయతో...” అని మొదలుపెట్టాడు తోటమాలి.

“దయ ఎందుకండీ? దయ అడిగితే చూపిస్తారు, లేదా మానేస్తారు. హక్కు అడగండి. కాదంటే కారణం రాసివ్వాల్సొస్తుంది,” అన్నారావిడ.

నాకు ఒళ్లు మండిపోతోంది. “అయితే ఆయన్ని నాలుగు తిట్టి మొదలెట్టండమ్మా!”

“తిట్టామనుకో బాబాయ్, ఆయన తిట్టు గురించే మాట్లాడతాడు, మెట్ల ఊసెత్తడు. జరిగింది చెప్పు. ఎన్ని మెట్లు? ఎన్ని బకెట్లు?”

ఇరవై ఆరు మెట్లు, రోజుకు నలభై బకెట్లు. అదే రాశారు. ఆఖర్న ఒకే ఒక్క ప్రశ్న: ‘మేం తెచ్చిన నీళ్లు మీ గొంతు దిగొచ్చు గానీ, మేం మీ మెట్లు ఎక్కకూడదా?’

పదకొండు మందిమీ వేలిముద్రలు వేశాం. ఆ కాగితం పట్టుకుని, అలవాటు కొద్దీ, నేను ఇనప మెట్లే ఎక్కేశాను! పైన ఆవిడ ఎదురొచ్చారు.

“ఏం బాబాయ్, అర్జీలో ఉన్నది నీకే నమ్మకం లేదా? దిగు. ముందు నుంచి రా.”

దిగాను. పాలరాతి మెట్ల మీంచే వెళ్లి పెద్దాఫీసరు చేతికి ఇచ్చాను.

నెల తిరక్కుండా ఆ దారి అందరికీ తెరిచారు. ఆవిణ్ణి మాత్రం కిటికీ లేని రికార్డు గదిలోకి నెట్టారు, తొమ్మిదేళ్లు. రెండుసార్లు ప్రమోషన్ ఆపారు. అలా నెట్టిన ఆఫీసే ఇవాళ ‘విభేదించని’ అని పొగుడుతోంది! సిగ్గుండాలి. విభేదించారు కాబట్టే మేం మనుషుల్లా నడిచాం. అది రాయి, పెద్దక్షరాల్లో రాయి.

ఆవిడ నిండు నూరేళ్లూ ఆరోగ్యంగా ఉండాలి. కళ్లకు వెలుగు, వేళ్లకు సత్తువ తగ్గకూడదు. రాయాల్సిన అర్జీలు ఇంకా చాలా ఉన్నాయి.

కమిటీ వాళ్లు ఇందులో ఒక్క మాట తీసేస్తామన్నా కాగితం వెనక్కి తెచ్చెయ్. ఎలాగూ మా అక్క ఆ సభకు రాలేని మనిషి. ఆమె మంచం పక్కన కూర్చుని ఇదంతా చదివి వినిపించు. కాస్త గట్టిగా చదువు తల్లీ, చెవి కూడా మందగించింది.