తుడుచుకుపోయిన దెబ్బలు

కాఫీ ఒద్దమ్మగోరూ. ముందు నా మాట ఇనండి. మీ మనవరాలు ఆశ్రిత బడినుంచి వచ్చీలోపల సెప్పీయాలి. ఆ మృదంగం పుస్తకం సూసి మిగతా పిల్లలకీ నేర్పమన్నారంట కదా దాన్ని? ఒద్దమ్మా, ఆపండి!

ఎందుకేటి? అదే సెప్తన్నాను.

"మేష్టారి మృదంగం పాఠాలు పుస్తకమేయించరా త్రినాథా, సంవత్సరీకానికి పంచుదాం" అన్నారా మీరు? తలూపీసినాను. రాజాం కాలేజీలో కంప్యూటర్ల కాడ ఉజ్జోగం కదా, మనకి రానిదేటుంది అని పొగరు!

మేష్టారు తన పాత కంప్యూటర్లో కొట్టుకున్న ఫైలు తెరిస్తే, ఓలమ్మా, అక్కడక్కడ ఒకటే సెత్త! 'త' ఒకసారి, పక్కనేదో పిచ్చిగుర్తు, మళ్లీ 'త'. తకధిమికి నత్తొచ్చినట్టు.

దానికో సిట్కా ఉన్నాది లెండి. కంప్యూటర్లో నల్లతెర మీద 'కాల్' అని ఓ కమాండు కొట్టి, ఓ సిన్న గీత, 'బి'. అంతే! పిచ్చిగుర్తులు, రెండోసారి పడ్డ అక్షరాలు అన్నీ ఏరి పారేస్తాది. కడిగిన ముత్యాల్లాగొచ్చినాయి పాఠాలు. ఇంక పాత ఫైలు దండగని సెరిపీసినాను. ఆ కంప్యూటర్ని పాతసామాన్లోడికి ఇచ్చీమన్నదీ నానే కదా.

తిట్టండి, పరవాలేదు. ఇంకా అవలేదు.

అచ్చుకిచ్చే ముందర ఆశ్రిత సూసి అడిగింది. "ఎక్కడ నొక్కి వాయించాలి బాబాయ్? తాతగారు గుర్తులు పెట్టలేదా?" అని.

అప్పుడు తట్టిందమ్మా నాకు. ఆ పిచ్చిగుర్తంటే ఎనక్కెళ్లి మళ్లీ కొట్టమని; మేష్టారి పాత ప్రింటరు ఒకే అక్షరం మీద రెండుసార్లు కొడితే నల్లగా పడీది. దెబ్బ గట్టిగా పడాల్సిన కాడల్లా ఆయనలాగ రెండేసిసార్లు కొట్టించుకున్నారు. నాను సెత్తని తుడిచీసిందదే! కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడింది.

ఏటీ? ఆయన శిష్యుడివే కదా, నీకు తెలీదా అంటారా? ఏం శిష్యుణ్ణి! ఉడుపులని, కోతలని ఎగ్గొట్టి, మొదటి పాఠాలు దాటలేదు. ఆయనెప్పుడూ కసరనేదు కూడాను.

మరి పిల్లకేటి సెప్పానా? నిజం సెప్పడానికి నోరు రానేదు. "ఫైలు ఎక్కించినప్పుడు ఎగిరిపోయుంటాయమ్మా, పెడతానుండు" అన్నాను. అని, నా బుద్ధికి తోసిన కాడల్లా అక్షరాలు నల్లగా సేసీసినాను. ఆ పిచ్చిపిల్ల అదే నమ్మి, సేతి ఏళ్లు బొబ్బలెక్కీదాకా వాయించింది.

సంవత్సరీకం నాడు అది వాయిస్తంటే మీరు కళ్లు మూసుకున్నారు. బుగ్గల మీద నీళ్లు. నా సెయ్యట్టుకుని, "అచ్చం ఆయన చెయ్యేరా త్రినాథా" అన్నారు.

అది మేష్టారి సెయ్యి కాదమ్మగోరూ. నాది.