మెత్తటి ప్యాడ్

ఒమాన్ దేశంలోని సహం పట్టణంలో, కారు పాలిష్ షాపులో, తాను ‘అర్బాబ్’ అని పిలిచే అరబ్బు యజమాని తెల్ల కారు పక్కన నిలబడి డ్రైవర్ మాటిమాటికీ ఫోన్ చూసుకుంటున్నాడు. పాలిష్ చేసేవాడు మెషిన్‌కు ప్యాడ్ ఎక్కించబోతున్నాడు.

“గట్టి ప్యాడ్ వెయ్యి తమ్మీ. బండి మీది గీత తొందరగ పోవాలె.”

“రోజూ ఎండల తిరిగే బండి అన్నా. గట్టిది వేస్తే పైపూత లేస్తది. ముందుగాల మెత్తటిది వేసి చూస్త.”

“అర్బాబ్ గట్టిదే వెయ్యమన్నడు. జాడ సుత ఉండొద్దన్నడు.”

మెషిన్ కాసేపు తిరిగి ఆగింది. పాలిష్ చేసేవాడు నీలం రంగు అంటిన ప్యాడ్‌ను డ్రైవర్ వైపు తిప్పాడు.

“తెల్ల బండికి ఈ నీలం రంగు యాడికెల్లి వచ్చిందే?”

“నాకేమెరుక? నిన్న అర్బాబ్ కొడుకు తీస్కపోయిండు. ఇంటి గేటుకు గీస్కపోయిందంట.”

“గేటు ఏం రంగు?”

డ్రైవర్ వంగి గీతను దగ్గరగా చూశాడు.

“నల్లది.”

“మా రూమ్ల ఉండే భూమేశ్ సైకిల్ నీలంది అన్నా. నిన్న డ్యూటీ నుంచి వస్తుంటే ఏదో బండి గుద్ది, ఆగకుంట పోయింది. వాడింక కండ్లు తెరువలే.”

ఫోన్ మోగింది. తెర మీద అర్బాబ్ పేరు.

“చెప్పన్నా. గట్టిది వెయ్యాల్నా?”

డ్రైవర్ ఒక చేత్తో మెషిన్ ప్లగ్గు పీకేసి, ఇంకో చేత్తో ఫోన్ ఎత్తాడు. వచ్చీరాని అరబ్బీలో అన్నాడు.

“అర్బాబ్, ఈ గీత పోదు.”